గుడ్లాయన నాలుగు రోజుల సెలవు

ఆయనకు గుడ్లాయన అని పేరు పెట్టింది గుడ్లు అమ్మేవాళ్ళే. గుడ్ల అట్టలు మోసుకుని బజారుకు వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే రెండు బస్సులు వదిలేసి మరీ ఆయన బస్సు కోసం నిలబడేవాళ్ళు. ఇంజను మూత మీద అట్టలు పేర్చి పెడితే గంటన్నర ప్రయాణంలో ఒక్కటంటే ఒక్క గుడ్డు పగిలేది కాదు. ఒకసారి ఆయన బదులు కొత్త డ్రైవరెవరో వస్తే పదకొండు గుడ్లు పగిలి ఇంజను మీదే ఆమ్లెట్టయ్యాయని, ఆ వాసన వారం రోజులు వదల్లేదని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటినుంచి డిపోలో అందరికీ, చివరికి జీతం కాగితాలు పంచే గుమాస్తాకు కూడా ఆయన గుడ్లాయనే. ఆయన భార్యకు మాత్రం ఆ పేరంటే ఒళ్ళు మంట. ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపిన మనిషికి అంతకంటే మంచి పేరు దొరకలేదా అంటుంది.

ఆ శనివారం పొద్దున గుడ్లాయన నది ఒడ్డున గుడారంలో వెల్లకిలా పడుకుని కాన్వాసు కప్పుకేసి చూస్తున్నాడు. ఒళ్ళంతా ఎవరో బండకేసి బాదినట్టుంది. ముందు రోజు రాత్రి ఎనిమిదికల్లా పడుకున్నాడు. దోమ కుట్టలేదు, కల రాలేదు, మధ్యలో లేవలేదు. అయినా లేచేసరికి అసలు పడుకోనట్టే ఉంది. కడుపునిండా నిద్రపోతే అంతా సర్దుకుంటుందని నమ్ముకుని వచ్చిన మనిషికి ఇంతకంటే చావు కబురు ఇంకేముంటుంది?

ఆ సెలవు ఆయన కోరి పెట్టింది కాదు. కండక్టరు పట్టుబట్టి పెట్టించాడు. ఎందుకు పెట్టించాడో చెప్పాలంటే ముందు మంగళవారం సంగతి చెప్పాలి, లేకపోతే ఈ కథకు తలా తోకా ఉండదు.

మంగళవారం మధ్యాహ్నం రెండు పది ట్రిప్పు. బస్సులో నలభై ఒక్కమంది ఉన్నారు. పాత మిల్లు గోడ పక్కన గుడ్లాయన బస్సు ఆపాడు. తలుపు తెరిచాడు. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. కండక్టరు కాసేపు చూసి ముందుకొచ్చాడు.

“అన్నా, ఎందుకాపావు?”

“స్టాపు కదా.”

“ఏ స్టాపు?”

గుడ్లాయన అప్పుడు బయటికి చూశాడు. ముళ్ళకంప, విరిగిన ఇటుకలు, ఎండిపోయిన కాలువ. మిల్లు మూతపడ్డాక ఆ స్టాపు ఎత్తేసి నాలుగేళ్ళయింది. స్తంభం పీకేశారు, రేకుల షెడ్డు తుక్కుకింద అమ్మేశారు. తాను అక్కడెందుకు ఆగాడో ఆయనకు అర్థం కాలేదు. అంతకంటే ఘోరం ఇంకోటి తట్టింది. రైలు గేటు దాటినట్టు గుర్తులేదు. ఆస్పత్రి మలుపు గుర్తులేదు. ఆ మధ్యలో నాలుగు స్టాపులున్నాయి.

“ఆస్పత్రి దగ్గర ఆపానా?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“ఆపావు. ఆరుగురు దిగారు. నేను గంట కొట్టాను, నువ్వు పోనిచ్చావు. ఏం, గుర్తులేదా?”

గుడ్లాయన కళ్ళు తెరుచుకునే నిద్రపోయాడన్నమాట. చేతులు, కాళ్ళు పాత లెక్క ప్రకారం వాటి పని అవి చేసుకుపోయాయి. స్టాపు ఎత్తేశారన్న కబురు వాటికింకా చేరలేదు.

ఆ సాయంత్రం డిపో వెనక టైర్ల కుప్ప దగ్గర కండక్టరు సిగరెట్టు వెలిగించి ఒక్క దమ్మూ లాగకుండా మాట్లాడాడు. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బస్సు. గుడ్లాయనకంటే చిన్నవాడు, ఎప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగడు. “అన్నా, గురువారం నుంచి ఆదివారం దాకా సెలవు పెట్టు. ఎక్కడికైనా పోయి పడుకో. సోమవారం పొద్దున నువ్వే మేనేజరు దగ్గరికెళ్ళి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. తర్వాత నా మొహం చూడకపోయినా పర్లేదు.”

చెబితే ఏమవుతుందో గుడ్లాయనకు తెలుసు. రక్తపరీక్ష, కళ్ళ పరీక్ష, డాక్టరు సంతకం, ఆ తర్వాత గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ. వచ్చే బస్సు నంబరొకటి, పోయే బస్సు నంబరొకటి రాసుకుంటూ కూర్చోవడం. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్ద డ్రైవరు రెండేళ్ళలో ముసలాడైపోయాడు. బస్సు గేటు దాటుతున్నప్పుడల్లా ఆయన కుడికాలు నేలమీద కదిలేది, ఉత్తినే. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది, ఆ కుర్చీ నాకెందుకు అనుకున్నాడు గుడ్లాయన. ఉన్నది నిద్ర కరువే. రెండో బస్సు డ్రైవరు పోస్టు ఖాళీ అయ్యాక ఆ ట్రిప్పులు కూడా తన నెత్తినే పడ్డాయి. మూడున్నరకు లేవాలి. లాండ్రీ షాపు పైన రెండు గదుల ఇల్లు, కింద ఇస్త్రీ యంత్రం పదకొండు దాకా బుసకొడుతూనే ఉంటుంది. గంట మోత చాలదని అలారం గడియారాన్ని స్టీలు పళ్ళెంలో పెట్టుకుని పడుకుంటాడు. నాలుగు రోజులు సరిగ్గా నిద్రపోయి, కుటుంబాన్ని క్షేమంగా తీసుకెళ్ళి తీసుకొచ్చి, చూశావా నాకేమీ లేదు అని కండక్టరు నోరు మూయించాలని ఆయన ఎత్తు. భార్యకు మాత్రం ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు.

నది ఒడ్డున గుడారం వేసుకుందామన్నది కూతురి సరదా. ఆ పిల్ల కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఎవరో వాడి వదిలేసిన గుడారం, మూడు పరుపు చాపలు సంపాదించింది. డిపో మెకానిక్ తన వ్యాను ఇచ్చాడు. “సెలవు పెట్టారా? మీరు? సూర్యుడెటు పొడిచాడో” అని భార్య మూడుసార్లు ఆశ్చర్యపోయి, నాలుగోసారి సంచి సర్దింది.

శనివారం ఊరు చూడాలని అనుకున్నారు. గుడారానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, నదికి అవతలి ఒడ్డున ఉంది ఆ ఊరు. మధ్యలో ఒక పాత వంతెన ఉంది, బండి వెడల్పే దాని వెడల్పు, పక్కన పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. పొద్దున వెళ్ళేటప్పుడు గుడ్లాయన దానిమీద ఊపిరి బిగబట్టి నడిపాడు.

ఊళ్ళో వీధులన్నీ రేవులోకి జారుతున్నట్టుంటాయి. ప్రతి ఇంటికీ గుమ్మం ముందు అయిదారు మెట్లు. ఏడాదికోసారి నది పలకరించి పోతుందట, ఆ గౌరవం కోసం కట్టుకున్న మెట్లు. పోస్టాఫీసు గోడమీద ఫలానా ఏడు నీళ్ళు ఇక్కడిదాకా అని ఎర్రరంగుతో గీతలు గీశారు. గుడ్లాయన భార్య ఒక గీత కింద నిలబడింది. గీత ఆవిడ తలకంటే జానెడు పైనుంది.

“అమ్మా, నువ్వు మునిగిపోయావు” అంది కూతురు ఫొటో తీస్తూ.

“నేనేమిటి, ఈ పోస్టాఫీసే మునిగితే మన ఉత్తరాలేం కావాలి?” అని ఆవిడ నిజంగానే బాధపడింది.

తాళ్ళ దుకాణం ముందు తల్లీకూతుళ్ళు అరగంట బేరమాడి బట్టలారేసుకునే తాడు ఆరు మీటర్లు కొన్నారు. అలాంటి తాడు వాళ్ళింటి పక్క షాపులోనే దొరుకుతుంది, ఆ సంగతి ఎత్తే ధైర్యం గుడ్లాయనకు లేదు. దుకాణం మలుపు తిరిగితే పడవలు బాగుచేసే చోటు. ఇద్దరు మనుషులు పలకల సందుల్లో నూలు దూర్చి సుత్తితో కొడుతున్నారు. టక్ టక్ టక్. గుడ్లాయన బోర్లించిన పడవ మీద కాసేపు కూర్చుందామనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి భార్య టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది, టీ మీద మీగడ కట్టింది.

“ఊరు చూడ్డానికొచ్చారా, ఊరితో జోల పాడించుకోడానికొచ్చారా?”

“అలిసిపోయానే.”

“ఏం చేసి?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఇరవయ్యారేళ్ళూ చెప్పాలి. ఆయన టీ తాగాడు.

గడ్డం మాసిందని కూతురే మంగలి షాపు చూపించింది. ఒక అద్దం, ఒక కుర్చీ, కుర్చీకి కాళ్ళు పెట్టుకునే ఇనప పీట. మంగలి నోటికి తాళం లేని మనిషి. నురగ పూస్తూ నది కథలు మొదలుపెట్టాడు. గుడ్లాయన ఈసారి మేలుకునే ఉండాలని గోళ్ళతో అరచెయ్యి గిచ్చుకున్నాడు. మళ్ళీ చూసేసరికి గడ్డం పూర్తయి, మంగలి తువ్వాలు దులుపుతున్నాడు.

“ఎంతసేపు పడుకున్నాను?” అని అడిగాడు.

“మీరెక్కడ పడుకున్నారండీ? నాతో మాట్లాడుతూనే ఉన్నారుగా. ఆ పెద్ద వరదకు షాపు ఏమైందని అడిగారు, చెప్పాను. పాపం అన్నారు.” మంగలి నవ్వాడు. “కాలు మాత్రం బ్రేకు తొక్కుతూనే ఉంది. డ్రైవరు గారని అప్పుడే అనుకున్నాను.”

వరద సంగతి అడిగినట్టు గుడ్లాయనకు గుర్తులేదు. పాపం అన్నట్టు గుర్తులేదు. కత్తి మెడ మీద తిరుగుతుంటే తాను ఎవరితోనో మాట్లాడాడట. డబ్బులిచ్చి షాపు మెట్లు దిగాడు. అదంతా ఆకలి వల్ల అయి ఉంటుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మనిషి తనను తాను మోసం చేసుకోవాలంటే కడుపు మీదికి నెట్టడం కంటే తేలిక దారి లేదు.

రొట్టె, వేయించిన చేపలు కట్టించుకుని రేవు మెట్ల మీద కూర్చుని తిన్నారు. కూతురు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కింది మెట్టు మీదికి పోయింది. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన మిగిలారు. ఎండ మెత్తగా ఉంది. అవతలినుంచి బల్లకట్టు నత్తలా వస్తోంది.

“పెళ్ళయ్యాక మనం పట్టపగలు ఇలా వీధుల్లో తిరిగింది ఎన్నిసార్లో తెలుసా?” అంది ఆవిడ.

“గుర్తులేదు.”

“నాకు గుర్తుంది. నాలుగుసార్లు. అందులో రెండు ఆస్పత్రికి.” బల్లకట్టుకేసి చూస్తూ, “ఇవాళ చాలా బాగుంది” అంది.

గుడ్లాయన ఆవిడ మొహంకేసి చూశాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

“నీతో ఒక మాట చెప్పాలి.”

“చెప్పండి.”

“సోమవారం...”

“సోమవారం మాట ఎత్తకండి. ఇంకా ఒకటిన్నర రోజు నాది.”

మాట ఆగిపోయినందుకు ఆయనకు హాయిగా అనిపించింది, ఆ హాయి చూసుకుని సిగ్గేసింది. చేప ముళ్ళు కాగితంలో చుట్టి లేచాడు.

వ్యాను దగ్గర కూతురు చెయ్యి చాచింది. “నాన్నా, తిరిగి వెళ్ళేటప్పుడు నేను నడపనా? నువ్వు వెనక పడుకో.”

ఆ పిల్లకు లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది. తండ్రి ఉండగా ఒక్కసారీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు.

“నువ్వా? ఆ వంతెన మీదా? ఇంట్లో డ్రైవరున్నాడు తల్లీ, ఎక్కు” అన్నాడు.

అప్పుడు టైము రెండు దాటింది. తాళ్ళ దుకాణం మలుపులో ఒక తోపుడుబండి అడ్డమొస్తే హారన్ కొట్టాడు. తోపుడుబండి పక్కకు తప్పుకుంది.

“పోనివ్వు నాయనా, ఎక్కేశాగా” అంది ఒక గొంతు.

గుడ్లాయన వెనక్కి తిరిగాడు. వెనక సీట్లో కూతురి పక్కన ఎవరో ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో బుట్ట, బుట్టలో ఉల్లికాడలు. కూతురు కళ్ళు నులుముకుంటూ ఆవిడకేసి చూస్తోంది. ముందు సీట్లో భార్య కూడా అప్పుడే లేచి, చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంటోంది.

“ఎవరు పెద్దమ్మా మీరు?” అంది కూతురు.

“అదేమిటమ్మా, నా ముందుకొచ్చి ఆగారు, తలుపు తీసుకుని ఎక్కాను. ఇది జనాల్ని ఎక్కించుకునే బండి కాదా?” ముసలావిడకు అనుమానమొచ్చి బుట్ట దగ్గరికి లాక్కుంది. “రెండు మలుపుల అవతల మా ఇల్లు. దిగమంటే దిగిపోతాను.”

భార్యకు సంగతి అర్థమై నవ్వు ముంచుకొచ్చింది. “స్టాపు కనిపించింది కదా, ఆపేశారు. వ్యానైతేనేం, విమానమైతేనేం, ఈయన స్టాపులో ఆపాల్సిందే” అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. కూతురూ నవ్వింది. ఏమీ అర్థం కాకపోయినా మర్యాద కోసం ముసలావిడ కూడా నవ్వింది.

గుడ్లాయన మాత్రం చేతులు స్టీరింగు మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని చూశాడు. హాండ్‌బ్రేకు వేసి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఎడమ లైటు టిక్కుటిక్కుమంటోంది. వ్యాను బస్సు స్టాపు గట్టుకు జానెడు దూరంలో, గీత గీసినట్టు ఆగి ఉంది. అద్దంలో, వెనక కిలోమీటరు దూరంలో, వంతెన కనిపిస్తోంది. తాళ్ళ దుకాణం మలుపు, తోపుడుబండి, ఆ తర్వాత ఈ ముసలావిడ గొంతు. మధ్యలో ఏమీ లేదు.

తలుపు తీసుకుని దిగాడు. రెండడుగులు వేసి స్టాపులో సిమెంటు బల్లమీద కూలబడ్డాడు. భార్య నవ్వుతూనే దిగి వచ్చింది.

“పోనిద్దురూ, పెద్దావిణ్ణి దింపేసి పోదాం. దీనికే మొహం అలా పెట్టుకోవాలా?”

“నవ్వకు” అన్నాడు. “నేనాపలేదు. నిద్రపోయాను.”

“నిద్రపోతే బండెలా ఆగుతుంది?”

“ఆగుతుంది. మంగళవారం బస్సు కూడా ఆగింది.” ఆయన చెప్పాడు. మిల్లు స్టాపు చెప్పాడు, ఆస్పత్రి మలుపు చెప్పాడు, నలభై ఒక్కమంది అని చెప్పాడు, కండక్టరు పెట్టిన గడువు చెప్పాడు. మొత్తం కలిపి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అయిదు రోజులుగా గొంతులో అడ్డంపడ్డ మాట ఇంత చిన్నదా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. ఆవిడ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

ఆవిడ వెనక్కి తిరిగి దూరంగా చూసింది. “మరి వంతెన?” అంది.

“వంతెన నాకు గుర్తులేదు.”

ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. కూతురు అప్పటికే దిగి వచ్చి అంతా వింది.

“నువ్వు మేలుకునే ఉన్నావా?” అని తల్లి అడిగింది.

“లేదమ్మా. ఊరు దాటకముందే పడుకున్నా. నాన్న నడుపుతున్నాడు కదా అని.”

“నేనూ అంతే” అంది ఆవిడ. “ఈయన నడుపుతుంటే నాకెప్పుడూ నిద్ర పడుతుంది. భయమనేది ఉండదు.”

ముగ్గురిలో ఒక్కరైనా మెలకువగా లేకుండానే వంతెన దాటి వచ్చారు. గుడ్లాయనకు మధ్యాహ్నం ట్రిప్పు కళ్ళముందు మెదిలింది. అద్దంలో చూస్తే ఎప్పుడూ అదే దృశ్యం. ఆస్పత్రినుంచి వచ్చేవాళ్ళు, సరుకులమ్ముకుని తిరిగిపోయేవాళ్ళు, పసిపిల్లల తల్లులు, అందరూ కిటికీలకు తలలానించి, నోళ్ళు తెరుచుకుని నిద్రపోతూ ఉంటారు. అది చూసి ఆయన లోలోపల ఎంత మురిసిపోయేవాడో. ఇప్పుడు తలుచుకుంటే భయంతో ఏడుపొచ్చింది, ఏడ్చాడు. భార్య ఆయన భుజం మీద చెయ్యేసి, ఆ చెయ్యి తీయకుండా కూర్చుంది.

“బాబూ, ఉల్లికాడలు వాడిపోతున్నాయి” అని ముసలావిడ వ్యానులోంచి పిలిచింది.

తాళాలు బండికే ఉన్నాయి. గుడ్లాయన లేచి వెళ్ళి, వాటిని తీసి కూతురి చేతిలో పెట్టాడు. చేతిలో పెట్టాక కూడా ఒక క్షణం వదల్లేకపోయాడు. తర్వాత వెళ్ళి వెనక సీట్లో ముసలావిడ పక్కన కూర్చున్నాడు. కూతురు సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, వెనక్కి చూసి బండి కదిలించింది. రెండో గేరుకు కొంచెం తొందరపడింది. ఆయన నోరు విప్పలేదు.

జేబులోంచి ఫోను తీసి డిపోకు చేశాడు. డ్యూటీలు రాసే టైంకీపరు ఎత్తాడు.

“ఏం గుడ్లాయనా, సెలవులో కూడా మమ్మల్ని వదలవా?”

“సోమవారం పొద్దున బండికి నా పేరు కొట్టెయ్యి.”

“ఏం, ఒంట్లో బాలేదా? మంగళవారానికి రాయనా?”

“మంగళవారానికీ వద్దు. ఏ రోజుకీ వద్దు. స్టీరింగు మీద నిద్రపోయాను. మేనేజరుతో నేనే వచ్చి చెప్తాను, ముందు నువ్వు పేరు కొట్టెయ్యి.”

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి.

“ఎప్పుడు?” అన్నాడు టైంకీపరు, గొంతు తగ్గించి.

“మంగళవారం బస్సులో. ఇందాక, నా భార్యా కూతురూ బండిలో ఉండగా.”

“అయ్యో. ఎవరికైనా ఏమైనా అయిందా?”

“లేదు” అన్నాడు గుడ్లాయన. “ఎవరికీ మెలకువ కూడా రాలేదు.”